బ్రెమెన్: తాళంచెవి గుర్తు ఉన్న ఊళ్లో రెండు రోజులు

"ప్రపంచానికి ద్వారం హాంబర్గే కావచ్చు, దాని తాళంచెవి మాత్రం మా దగ్గరుంది" అంటారు జర్మనీలోని బ్రెమెన్ నగరం వాళ్లు. హాంబర్గ్ చిహ్నంలో కోట, బ్రెమెన్ చిహ్నంలో తాళంచెవి. ఆ మాట విన్నాక వెళ్లకుండా ఉండలేకపోయాను. హాంబర్గ్ నుంచి ప్రాంతీయ రైల్లో గంట పైచిలుకు. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా స్థానిక, ప్రాంతీయ రైళ్లకు, బస్సులకు చెల్లే నెలవారీ పాస్) ఉంటే విడిగా ఖర్చేమీ ఉండదు.

ఎర్రటి డాలు మీద ఏటవాలుగా వెండి తాళంచెవి. అది స్వర్గ ద్వారపు తాళంచెవులు పట్టుకుంటాడని క్రైస్తవులు చెప్పే సాధువు సెయింట్ పీటర్ చేతిలోది. ఊరి కేథడ్రల్ ఆయన పేరు మీదే ఉంది. జెండా అయితే ఎరుపు తెలుపు అడ్డచారలు, కర్ర వైపున గళ్లు. మాంసం, కొవ్వు పొరల్లా కనిపిస్తుందని దాన్ని ‘స్పెక్‌ఫ్లాగె’ అంటారు, అంటే పందికొవ్వు జెండా!

ఉన్న సమయమంతా మార్కెట్ చౌక్‌లోనే గడపమంటాను. అక్కడ నగర స్వేచ్ఛకు గుర్తుగా నిలబెట్టిన కథల వీరుడు రోలాండ్ రాతి విగ్రహం 1404 నాటిది. అంతకు ముందున్న చెక్క విగ్రహాన్ని 1366లో ఆర్చిబిషప్ మనుషులు తగలబెట్టారు. అందుకే కాబోలు, ఈయన కేథడ్రల్ వైపే కళ్లార్పకుండా చూస్తుంటాడు. డాలు మీద తాళంచెవి లేదు, చక్రవర్తి రెండు తలల గద్ద ఉంది: మేం బిషప్ కింద లేం, నేరుగా చక్రవర్తి కిందే ఉన్నాం అని చాటడం. చర్చి సాధువు తాళంచెవిని గుర్తుగా పెట్టుకున్న ఊరే చర్చి పెత్తనానికి ఎదురు నిలిచిందని తెలిశాక, ఆ రాతి ముఖం కేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆయన మోకాళ్ల మొనల మధ్య దూరం ఒక బ్రెమెన్ ఎల్, దాదాపు 55 సెంటీమీటర్లు. మన మూర లాంటి పాత బట్టల కొలత అది. నా మోచేతిని గాల్లో చాపి చూసుకున్నాను, మూర కంటే ఎక్కువే. విగ్రహం, వెనకున్న టౌన్‌హాల్ రెండూ 2004 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి.

బ్యోట్‌షర్‌స్ట్రాసె అనే వీధిలో పింగాణీ గంటల మోత వినదగ్గది. ష్నోర్ అనే పాత పేట సందులు ముచ్చటగా ఉన్నా తిండి ఖరీదు.

బస విషయంలో పొరపాటు చేశాను. స్టేషన్ పక్కన చవగ్గా దొరికిందని గది తీసుకుంటే, మూడింటి దాకా సామాను కూడా పెట్టుకోనివ్వలేదు, రాత్రంతా ట్రాముల రొద. స్టేషన్ లాకరే ఆదుకుంది. కాస్త ఎక్కువైనా పాత ఊళ్లోనే దిగండి. పొద్దున్నే, జనం రాకముందు, రోలాండ్ ముందు మీరొక్కరే ఉంటారు.