వీపు మీదికి చెయ్యి అందదు: నడుం నొప్పితో ఆరేళ్ల ఒంటరి ప్రయాణాల సామాను

హోసపేటలో లాడ్జి గది, రాత్రి తొమ్మిదిన్నర. పగలంతా హంపిలో తిరిగి వచ్చాను. కుడి పిర్ర దగ్గర మొదలై పిక్క దాకా జివ్వున లాగుతోంది. మంచం మీద నొప్పికి సన్నటి కరెంటు పెట్టే టెన్స్ మెషీన్, దాని నాలుగు జిగురు ప్యాడ్లు. వాటిని నడుం మీద ఎక్కడ అంటించాలో నాకు బాగా తెలుసు. కానీ అక్కడికి నా చెయ్యి సరిగ్గా అందదు. గదిలో ఉన్న ఒక్క అద్దం వాష్‌బేసిన్ పైన, ముఖం చూసుకునేంత. ఇంట్లో అయితే అమ్మ రెండు నిమిషాల్లో అంటించేస్తుంది. ఆ రాత్రి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఒక ప్యాడ్ మడతపడి తనకు తానే అతుక్కుపోయి ఇక దేనికీ పనికిరాలేదు.

అది 2019 డిసెంబర్, నా మొదటి ఒంటరి ప్రయాణం. అప్పటి నుంచి ఏ వస్తువు కొన్నా ఒకటే చూస్తాను: రెండో మనిషి లేకుండా దీన్ని నేను వాడుకోగలనా? ఈ సంగతి డబ్బా మీద ఎవరూ రాయరు. ఆన్‌లైన్ రివ్యూల్లో "మా నాన్నగారికి బాగా పనిచేసింది" అని ఉంటుంది. నాన్నగారికి అంటించింది ఎవరో ఉండదు.

నా సంగతి రెండు ముక్కల్లో. వయసు 49, ఉండేది విజయవాడ, అకౌంట్స్ ఉద్యోగం. 2017లో నడుం నాలుగో, అయిదో పూసల మధ్య (ఎల్4-ఎల్5) డిస్కు జరిగిందన్నారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నొప్పి మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక నొప్పి కిందికి వస్తుంది; నాది ఎనిమిదేళ్ల నుంచీ ఉంది. "నడుం నొప్పి పెట్టుకుని ఊళ్లు తిరగడమేంటే" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఇంట్లో కూర్చున్నా అదే నొప్పి కదా. బయటికి వెళ్తే కనీసం కిటికీ మారుతుంది.

ముందు మెషీన్ సంగతి. చర్మం మీద ప్యాడ్లు అంటించి సన్నటి కరెంటు పంపే పరికరం ఇది. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే కాస్త ఊరటగా ఉంటుంది కదా, దాదాపు ఆ సూత్రమే. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 'గేట్ కంట్రోల్' సిద్ధాంతం చెప్పారు. స్పర్శను మోసే నరాలు చురుగ్గా ఉంటే వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాలకు దారి కొంత మూసుకుంటుందని దాని సారం. నా అనుభవంలో నడుం బిగుసుకుపోయిన నొప్పికి ఇది పనిచేస్తుంది, కాల్లోకి దిగే లాగుడుకు పెద్దగా చెయ్యదు. ఆపేశాక ఊరట అరగంట, మహా అయితే గంట. ఆ గంటలో నిద్ర పట్టిందా, మెషీన్ డబ్బులు వచ్చినట్టే.

2,300 రూపాయలు పెట్టి కొన్న మొదటి మెషీన్‌కు తిప్పే నాబ్‌లు ఉన్నాయి, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. 2022లో ముచ్చటపడి రెండోది కొన్నాను: టచ్ బటన్లు, యూఎస్‌బీ చార్జింగ్, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. ఇప్పుడు నా సంచిలో ఉండేది పాతదే. రైల్లో లైట్లు ఆర్పేశాక నాబ్ ఎంత తిరిగిందో వేళ్లకు తెలుస్తుంది. టచ్ బటన్ అయితే స్క్రీన్ వెలిగి పై బెర్త్ వాళ్లు కూడా లేస్తారు. చార్జింగ్ పాయింట్‌లో ఎప్పుడూ ఎవరిదో ఒకరి ఫోన్ ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీ అయితే హోసపేటలో వెతికినా, అరకులో వెతికినా ఎలక్ట్రికల్ షాపులో దొరికింది.

ప్యాడ్లు ఒక్కరే అంటించుకోవడానికి తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు కిటుకు చెప్పారు. చేతులు నడుం మీద పెట్టుకుని తుంటి ఎముకల పై అంచు తడిమి పట్టుకోవాలి. అదే ఎత్తులో బొటనవేళ్లు వెనక్కి చాస్తే, అవి వెన్నెముక మీద కలిసే చోటు దాదాపుగా నాలుగో నడుం పూస. అద్దంతో పని లేదు. మెషీన్ ఆపి ఉండగానే వైర్లు ప్యాడ్లకు తగిలించేస్తాను, తర్వాత ఒక్కో చేత్తో ఒక్కో ప్యాడ్ అంటిస్తాను. అంచు లేస్తే మాత్రం గండుచీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది, కరెంటంతా ఆ కాస్త చోటుకే చేరుతుంది గనక. ప్యాడ్లు నాకు ఇరవై, పాతిక సార్లు వస్తాయి. జిగురు తగ్గితే ఒక చుక్క నీళ్లు రాసి ఆరనిస్తే ఇంకో రెండు మూడు రోజులు లాగుతాయి. మే నెల ఎండల్లో జిగురు కరిగి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోయింది ఒకసారి. అప్పటి నుంచి వాటికో చిన్న స్టీలు డబ్బా. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా దీని జోలికి పోకూడదు. మెడ ముందు వైపు ఎవరూ పెట్టకూడదు. పెట్టుకుని నిద్రపోకూడదు. ఈ చివరిదాన్ని నేను రెండుసార్లు తప్పాను.

బామ్ విషయంలోనూ చెయ్యి అందని గొడవే. సీసాలో బామ్ వేళ్లతో తీసి వెనక్కి రాసుకునేసరికి సగం చున్నీకి అంటుకుంటుంది. అమృతాంజనం అంటే మాకు ఇంటి మనిషి లాంటిది, 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టింది. అయినా ప్రయాణాల్లో రోల్ ఆన్ బామ్ ఏదైనా సరే, అదే నయం. పొడుగ్గా ఉంటుంది కాబట్టి చెయ్యి ఆగిపోయిన చోటు నుంచి అది ముందుకెళ్తుంది. బామ్ రాసిన చోట ప్యాడ్లు అంటవు. వేడి సంచీ పెడితే మంట పుడుతుంది, చర్మం కాలే ప్రమాదమూ ఉంది. ఏదో ఒకటే చెయ్యాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది 250 రూపాయల రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్. దాని మీద పడుకుంటే చాలు, అంటించడాలు, రుద్దడాలు ఏమీ ఉండవు. చిక్కంతా వేడినీళ్ల దగ్గరే. కరెంటు హీటింగ్ ప్యాడ్ కూడా కొని చూశాను. లాడ్జిల్లో ప్లగ్ మంచానికి ఆ మూలన ఉంటుంది, రైల్లో సాకెట్లు ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకే. అది ఇప్పుడు అమ్మ మోకాళ్లకు పనికొస్తోంది. నేను మాత్రం లీటరు ఫ్లాస్కు పట్టుకెళ్తాను. స్టేషన్ దగ్గర టీ కొట్టులో టీ తాగి, "అన్నా, కాస్త వేడినీళ్లు పొయ్యవా, నడుం నొప్పి" అంటే కాదన్నవాళ్లు లేరు. ఒంగోలులో ఒకాయన డబ్బులిస్తే తీసుకోలేదు సరికదా, వాళ్లావిడకూ ఇదే బాధని చెప్పి మెషీన్ పేరు రాయించుకున్నాడు. మరిగే నీళ్లు పొయ్యకూడదు. రెండొంతులు నింపి, గాలి పిండేసి, మూత బిగించి, తువ్వాలు చుట్టి పెట్టుకోవాలి.

దీని లోపం నాకు నాలుగేళ్లకు గాని తెలియలేదు. నడుం మీద గోధుమ రంగులో వల అల్లినట్టు మచ్చలు వచ్చాయి. మురికేమో అనుకుని తోమాను కూడా. చర్మం డాక్టర్ చూసి, రోజూ ఒకేచోట వేడి పెడితే ఇలాగే వస్తుంది, కొన్నాళ్లు ఆపమన్నారు. ఆపితే నెమ్మదిగా పలచబడ్డాయి. ఇప్పుడు ప్రయాణాల్లో తప్ప వాడను, పెట్టినా పదిహేను నిమిషాలే.

ఇక నడుము బెల్టు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నడుం నొప్పికి బెల్టులు ఇవ్వొద్దని ఉంది. టెన్స్ కూడా ఇవ్వొద్దనే ఉంది. మా ఫిజియో కూడా రోజంతా బెల్టు కట్టుకుంటే దాని మీదే ఆధారపడతావని తిట్టారు. నిజమే కావచ్చు. నొప్పికి అది చేసింది నాకూ అంతంతమాత్రమే. అయినా ఇప్పటికి మూడు బెల్టులు అరగ్గొట్టాను. ఎందుకో చెప్తాను.

రైల్లో 45 దాటిన ఆడవాళ్లకూ, 60 దాటిన మగవాళ్లకూ లోయర్ బెర్త్ కోటా ఉంది. టికెట్ మీద ఒక్కరు, లేదా ఇద్దరే ఉంటేనే అది వర్తిస్తుంది. ఒంటరిగా తిరగడం నాకు కలిసొచ్చిన చోటు ఇదొక్కటే. 2021లో 45 నిండగానే ఆ కోటా వాడటం మొదలుపెట్టాను. బెర్త్ దొరకడం తేలికైంది గానీ దాన్ని నిలబెట్టుకోవడం వేరే పని. నేను చూడ్డానికి బాగానే ఉంటాను. కట్టు లేదు, కర్ర లేదు. "అమ్మా, మీరు ఒక్కరే కదా, మా అత్తగారు పైకి ఎక్కలేరు, కాస్త మారండి" అంటారు. వాళ్లు అడగడంలో తప్పు లేదు. మొదట్లో మొహమాటపడి మారిపోయేదాన్ని. ఒకసారి అలా మిడిల్ బెర్త్ ఎక్కి, తెల్లారి దిగేటప్పుడు మెలిక పడి, స్టేషన్ బెంచీ మీద గంటన్నర కూర్చుండిపోయాను. వెళ్లాల్సిన ఊరు వెళ్లనే లేదు. తర్వాతి రైలుకి వెనక్కి వచ్చేశాను.

అప్పటి నుంచి రైలెక్కే ముందు బెల్టు కుర్తా పైన కట్టుకుంటున్నాను, అందరికీ కనిపించేలా. ఇప్పుడు బెర్త్ మారమని అడిగేవాళ్లు బాగా తగ్గారు. అడిగినా బెల్టు చూసి వాళ్లే "అయ్యో" అని ఆగిపోతారు. సూట్‌కేసు సీటు కింద పెట్టడానికి పిల్లలు లేస్తారు. బెల్టు నడుముకు చేసే మేలు కంటే, నా నోటికి చేసే మేలు ఎక్కువ. నొప్పి ఉందని ప్రతివాళ్లకూ చెప్పుకునే బాధ తప్పుతుంది. ఈ ఒక్క పనికి దానికి అయిదుకు అయిదు మార్కులు వేస్తాను. కొనేటప్పుడు చూడాల్సింది, ముందు వైపు నుంచి రెండు చేతులతో లాగి బిగించే పట్టీలు ఉన్నాయా అని. వెనకాల తాళ్లు ఉన్నది కొని మోసపోయాను. దాన్ని బిగించడానికి మళ్లీ రెండో మనిషి కావాలి.

సంచి ఏడు కిలోలు దాటదు. దాటితే వంతెన మెట్ల దగ్గర కూలీని పిలుస్తాను, బేరం ఆడను. బస్సులో అయితే రెండు చక్రాల మధ్య, మధ్య వరసలోనే కూర్చుంటాను. శ్రీశైలం వెళ్లేటప్పుడు సీటు లేక చివరి వరసలో కూర్చున్నాను; నల్లమల ఘాట్ మలుపుల్లో ప్రతి గతుకూ వెన్ను చివర లెక్కపెట్టుకున్నాను. అరకుకు రైల్లోనే వెళ్లాను, లేచి నడవచ్చు కాబట్టి. బొర్రా గుహల్లో మాత్రం మెట్లు చూసి సగంలోనే వెనక్కి తిరిగాను. హంపిలో విఠ్ఠలాలయం దాకా బ్యాటరీ బండ్లు ఉన్నాయి. మొదటిసారి పట్టుదలకు పోయి నడిచాను, రెండోసారి నోరు మూసుకుని బండెక్కాను.

మాత్రల గురించి ఎక్కువ చెప్పను, అది డాక్టర్ల పని. రెండు జాగ్రత్తలు మాత్రం. నొప్పి మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. తోటి ప్రయాణికులు ప్రేమగా ఇచ్చింది కూడా వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. రెండోది విదేశాల సంగతి. 2023లో షార్జాలో ఉండే అక్క కూతురి దగ్గరకు ఒక్కదాన్నే వెళ్లాను. రాత్రిపూట నేను వేసుకునే ప్రిగాబలిన్ అనే నరాల నొప్పి మందుకూ, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులకూ అక్కడ ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. మన దగ్గరే 2018 నుంచి ట్రమడాల్ మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది. చీటీ మీద మందు అసలు పేరు ఉండేలా రాయించుకుని, చీటీ, మాత్రలు, మెషీన్ మూడూ చేతిసంచిలోనే పెట్టుకున్నాను. విమానాశ్రయంలో వైర్లు చూసి అడిగారు. ప్యాడ్ అరచేతికి అంటించి చూపిస్తే నవ్వి పంపేశారు.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ సామాను ఏదీ తియ్యను. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలం తప్పినా 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలని డాక్టర్ గట్టిగా చెప్పారు. రైల్లో ఉంటే 139. ఆ రెండు నంబర్లూ, అమ్మ నంబరూ ఒక కాగితం మీద రాసి బెల్టు లోపలి వైపు ప్లాస్టిక్ కవర్లో కుట్టించాను. ఇప్పటిదాకా అవసరం పడలేదు.

గాలి ఊదే మెడ దిండు, పెద్ద ఫోమ్ కుషన్, మడత స్టూలు ఇంట్లో అటక మీద ఉన్నాయి, కావాలన్నవాళ్లు పట్టుకెళ్లొచ్చు.

మూడో బెల్టుకి వెల్‌క్రో ఊడిపోయింది, నాలుగోది ఆర్డర్ పెట్టాలి. ఇదివరకటివి నలుపే కొన్నాను, మురికి కనిపించదని. ముదురు రంగు కుర్తాల మీద బెల్టు కూడా కనిపించట్లేదు. ఈసారి లేత రంగుది చూస్తున్నాను.