బ్రాండ్ పేరు రిజిస్టర్ చేయిస్తామనే కన్సల్టెన్సీలతో జాగ్రత్త: దాఖలు చేసిన దరఖాస్తు ప్రతిని అడిగి తీసుకోండి

ఊరగాయలు, పొడులు, స్వీట్ల వంటి చిన్న వ్యాపారం కొత్తగా మొదలుపెట్టి, పేరుకు ట్రేడ్‌మార్క్ తీసుకోవాలనుకుంటున్నవారు, ‘మూడు రోజుల్లో బ్రాండ్ రిజిస్ట్రేషన్’ వంటి ప్రకటనలు చూసి డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా మనవి. తెనాలిలో ఇంటి దగ్గరే ఆవకాయ, గోంగూర, కందిపొడి తయారుచేసి పార్సిళ్లు పంపే మా వదినగారికి ఒక కన్సల్టెన్సీ చేసిన నిర్వాకం ఇది.

ప్రభుత్వ రుసుము 9,000 రూపాయలని, తమ ఫీజు వేరే అని చెప్పి వారు మొత్తం ముందుగానే వసూలు చేశారు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి (రిజిస్ట్రేషన్ కోసం సరుకులను విభజించిన ఒక్కో వర్గానికి) 4,500 రూపాయలే. 9,000 కట్టవలసింది పెద్ద కంపెనీల వంటి ఇతరులు. ఆ తర్వాత రంగురంగుల అంచుతో, పైన మూడు సింహాల బొమ్మతో ఒక ‘సర్టిఫికెట్’ వాట్సాప్‌లో పంపి, ఇక సీసాల లేబుళ్ల మీద పేరు పక్కన వృత్తంలో ఆర్ అక్షరం (పేరు రిజిస్టర్ అయిందని తెలిపే గుర్తు) వేసుకోవచ్చని చెప్పారు. నిజానికి అందులో ఉన్నది దరఖాస్తు నంబరు మాత్రమే. దరఖాస్తు పెట్టినంత మాత్రాన పేరు రిజిస్టర్ అయినట్లు కాదు. పరిశీలన పూర్తై, ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురితమై, అభ్యంతరాలకు ఇచ్చే నాలుగు నెలల గడువు ముగిశాకే అసలు సర్టిఫికెట్ వస్తుంది. అప్పటిదాకా టీఎం (ట్రేడ్‌మార్క్) అని వేసుకోవచ్చు గానీ, ఆర్ గుర్తు వేయడాన్ని చట్టం ఒప్పుకోదు. అచ్చు వేయించిన లేబుళ్లన్నీ పక్కన పెట్టవలసి వచ్చింది.

అసలు కథ దరఖాస్తు ప్రతి బయటికి తీశాక తెలిసింది. సరుకులు 30వ తరగతిలో మాత్రమే చూపారు. మసాలాలు, పొడులు అందులోకి వస్తాయి గానీ, ఊరగాయలు 29వ తరగతికి చెందినవి. అంటే ఊరగాయల వ్యాపారికి ఊరగాయలు తప్ప మిగిలినవన్నీ రాసిపెట్టారన్నమాట! లేని సరుకును తర్వాత సవరణతో చేర్చడం కుదరదు; మళ్లీ రుసుము కట్టి కొత్త దరఖాస్తు పెట్టుకోవలసిందే. కొన్నేళ్లుగా అదే పేరుతో అమ్ముతున్నట్లు బిల్లులు ఉన్నా, పేరును ‘ఇకముందు వాడబోతున్నాం’ అని నమోదు చేశారు. ముందునుంచి వాడుతున్నవారికి చట్టం ఇచ్చే రక్షణ ఎంత విలువైనదో తెలిసినవారెవరూ ఈ గడిని ఇంత తేలికగా నింపరు. వాడుక తేదీ చూపితే ప్రమాణపత్రం, బిల్లులు జత చేయాలి కాబట్టి ఆ శ్రమ తప్పించుకున్నారని నా అభిప్రాయం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది చిరునామా. ఉత్తరప్రత్యుత్తరాలకు కన్సల్టెన్సీ ఈమెయిల్ మాత్రమే ఇవ్వడం వల్ల, పేరు వర్ణనాత్మకంగా, అంటే సరుకు ఎలాంటిదో చెప్పే మాటలాగే ఉందన్న అభ్యంతరంతో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ (దరఖాస్తులు పరిశీలించే ప్రభుత్వ కార్యాలయం) పంపిన పరిశీలన నివేదిక వారికే చేరింది. దానికి ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. వారు ఇవ్వలేదు, మాకు చెప్పనూ లేదు. దరఖాస్తును వదిలివేసినట్లు రిజిస్ట్రీ నమోదు చేశాక ఫోన్ చేస్తే, జవాబు రాయడం ప్యాకేజీలో లేదని, అదనంగా కడితే ‘చూస్తామని’ సమాధానం. కట్టిన ప్రభుత్వ రుసుము తిరిగి రాదు.

కాబట్టి ఎవరికి పని అప్పగించినా, దాఖలు చేసిన టీఎం-ఏ ఫారం (ట్రేడ్‌మార్క్ దరఖాస్తు) ప్రతిని, రుసుము రసీదును అదే రోజు తెప్పించుకుని, దరఖాస్తుదారు పేరు మీదేనా, సరుకులన్నీ ఉన్నాయా, వాడుక తేదీ సరిగ్గా ఉందా అని చూడండి. ఏజెంటు తన పేరు మీదే దరఖాస్తు పెట్టుకుంటే, ఆ పేరు మీద హక్కు కోరుతున్నది అతనే అవుతాడు. దరఖాస్తు నంబరుతో దాని స్థితిని మేధోసంపత్తి కార్యాలయం వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అదే పేరు ఇంకెవరికైనా ఉందో లేదో ముందుగా వెతకడానికీ పైసా ఖర్చు లేదు. జీఎస్టీలో వ్యాపార పేరు రాయించామనో, చిన్న సంస్థలకు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉందనో ఆగిపోవద్దు. అవి పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు ఇవ్వవు.

దరఖాస్తు వివరాలు అందరికీ కనిపిస్తాయి కనుక, ‘మీ పేరు రద్దవుతోంది, ఈరోజే కట్టండి’ అంటూ కొత్తవాళ్ల ఫోన్లు కూడా మొదలవుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోవి. అక్కడినుంచి వచ్చే నోటీసు ఏదైనా మీ నంబరు కింద వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. అక్కడ కనిపించని నోటీసుకు ఒక్క రూపాయి కూడా పంపకండి.