ఎల్‌డీహెచ్ కలరిమెట్రిక్ కిట్: డ్రోసోఫిలా (పండ్ల ఈగ) లార్వాలకు పనికొస్తుందా?

పనికొస్తుంది. కాకపోతే మాన్యువల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టం. ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేజ్) అనే ఎంజైము యాక్టివిటీని రంగును బట్టి కొలిచే ఈ కిట్ సీరం, సెల్ కల్చర్ శాంపిళ్ల కోసం తయారైంది. పురుగులతో వచ్చే చిక్కుల ఊసే అందులో లేదు.

పెట్టెలో అస్సే బఫర్, సబ్‌స్ట్రేట్ మిక్స్, ఎన్ఏడీహెచ్ (ఎన్ఏడీ అనే సహాయక అణువు ఎలక్ట్రాన్లు అందుకున్న రూపం) స్టాండర్డ్, పాజిటివ్ కంట్రోల్ ఉంటాయి. లాక్టేట్ పైరువేట్‌గా మారేటప్పుడు పుట్టే ఎన్ఏడీహెచ్ వల్ల రంగు వస్తుంది, దాన్ని 450 నానోమీటర్ల దగ్గర చదవాలి. వెల్‌కి (ప్లేటులోని ఒక్కో గుంటకి) 0 నుంచి 12.5 నానోమోల్స్ దాకా ఎన్ఏడీహెచ్ వేస్తే స్టాండర్డ్ గీత సూటిగానే వస్తుంది. కెమిస్ట్రీకి వంక పెట్టలేం.

తంటా అంతా శాంపిల్‌తోనే. మూడో దశ లార్వాలు పదింటిని ముందు చల్లని పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పు ద్రావణం) బాగా కడగాలి. ఒంటికి అంటుకున్న మేతలో ఈస్ట్ ఉంటుంది, దాని ఎంజైములూ లెక్కలోకి వచ్చేస్తాయి. తర్వాత 200 మైక్రోలీటర్ల చల్లని బఫర్‌లో ఐస్ మీద నూరి, 4 డిగ్రీల్లో 10,000 జీ దగ్గర 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయాలి. పైన తేలే కొవ్వు పొరను ముట్టకుండా మధ్యలోంచి పిపెట్‌తో లాగాలి. కొవ్వు కలిస్తే ద్రవం మసకబారి రీడింగు ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. ద్రవం నల్లబడుతుంటే అది ఫినాలాక్సిడేజ్ (మెలనిన్ అనే నల్ల రంగును పుట్టించే ఎంజైము) పని. ఆ మెలనిన్ 450 దగ్గర కూడా కాంతిని పీలుస్తుంది. నూరే ముందే బఫర్‌లో కాస్త ఫినైల్‌థయోయూరియా కలిపితే ఆగుతుంది (విషం, గ్లోవ్స్ తప్పనిసరి).

అసలు మోసం ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్‌ది. డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌లో అది దండిగా ఉంటుంది, అదీ ఎన్ఏడీ నుంచి ఎన్ఏడీహెచ్‌నే చేస్తుంది. పెస్టిల్‌ని (నూరే కడ్డీని) ఇథనాల్‌తో తుడిచి ఆరకముందే వాడితే చాలు, లేని ఎల్‌డీహెచ్ కనిపిస్తుంది. అందుకే ప్రతి శాంపిల్‌కీ లాక్టేట్ లేని బ్లాంక్ వెల్ ఒకటి పెట్టి, ఆ విలువ తీసేయాలి. సబ్‌స్ట్రేట్ విడిగా రాని కిట్ అయితే దీనికోసం కొనొద్దు.

లార్వాల్లో యాక్టివిటీ ఎక్కువ. పిండదశ మధ్యలో ఈఆర్ఆర్ అనే న్యూక్లియర్ రిసెప్టర్ గ్లైకోలిసిస్ (గ్లూకోజ్‌ని విరిచి శక్తి తీసే దారి) జీన్లతో పాటు ఎల్‌డీహెచ్‌నీ పెంచుతుంది. నాలుగు రోజుల్లో దాదాపు 200 రెట్లు బరువెక్కే లార్వాకు గ్లైకోలిసిస్ ఆగకుండా సాగాలంటే ఎన్ఏడీ తిరిగి దొరకాలి, ఎల్‌డీహెచ్ కిట్‌లో జరిగేదానికి తిరుగుదిశలో, పైరువేట్‌ని లాక్టేట్‌గా మార్చి దాన్ని అందిస్తుంది. కాబట్టి 10 నుంచి 100 రెట్ల దాకా పలుచన చేసి చూసి, రీడింగు ఒకే వేగంతో పెరుగుతున్న నిమిషాలనే లెక్కకు తీసుకోవాలి. పూర్తిగా ఎదిగిన ఈగల ఛాతీలో రీడింగు అడుగంటితే కిట్‌ని తిట్టకండి. ఎగిరే కండరాల్లో ఎల్‌డీహెచ్ తక్కువ, ఎన్ఏడీని తిరిగి అందించే ఆ పని గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్ అనే మరో ఏర్పాటు చూసుకుంటుంది.

ఫలితాన్ని లార్వాకి ఇంత అని కాకుండా మిల్లీగ్రాము ప్రొటీన్‌కి ఇంత అని రాయాలి, లేకపోతే చిన్నా పెద్దా దశల మధ్య పోలిక కుదరదు. ప్రొటీన్‌ని బీసీఏ అనే రంగు పరీక్షతో కొలిచేటట్టయితే దాన్ని చెడగొట్టే డీటీటీ (ఒక రీడ్యూసింగ్ రసాయనం) బఫర్‌లో ఉండకూడదు.