సిగ్నల్ జెనరేటర్‌లో విలువ ఎక్కించాలంటే: నంబర్ కీలా, నాబా, బాణం కీలా?

సర్క్యూట్‌లను పరీక్షించడానికి కావాల్సిన సిగ్నల్ ఇచ్చే పరికరం సిగ్నల్ జెనరేటర్. దాని ప్యానెల్ మీద సాధారణంగా ఒకే పనికి మూడు దారులుంటాయి. ఫ్రీక్వెన్సీ మార్చాలంటే నంబర్ కీలు నొక్కొచ్చు, గుండ్రటి నాబ్ తిప్పొచ్చు, బాణం కీలతో మెట్టు మెట్టుగా జరపొచ్చు. చాలామంది మొదట ఏది అలవాటైతే దాన్నే పట్టుకు వేలాడతారు. నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది ఒక్కటే: కావాల్సిన విలువ ముందే తెలుసా, లేక వెతుక్కోవాలా?

ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చదివినవాళ్లకు ఆర్‌సీ కపుల్డ్ యాంప్లిఫయర్ ప్రయోగం గుర్తుండే ఉంటుంది. ఇన్‌పుట్ కదలకుండా ఉంచి, ఫ్రీక్వెన్సీని 100 హెర్ట్జ్ నుంచి 1 మెగాహెర్ట్జ్ దాకా పెంచుకుంటూ పోయి, సెమీలాగ్ కాగితం (ఒక అక్షం లాగరిథమ్ స్కేల్‌లో ఉండే గ్రాఫ్ కాగితం) మీద గ్రాఫ్ గీయాలి. 100, 200, 500, 1 కిలో, 2 కిలో... ఈ రీడింగులన్నిటికీ నాబ్ పట్టుకున్నవాడు ల్యాబ్ పీరియడ్ అయిపోయేదాకా తిప్పుతూనే ఉంటాడు. ఎజిలెంట్ 33220ఎ లాంటి జెనరేటర్‌లో 5 నొక్కి, తెర కింద కిలోహెర్ట్జ్ కీ నొక్కితే పనైపోయింది. ఇక్కడ నంబర్ కీలకు పోటీయే లేదు.

వాటికి ఇంకో సుగుణం కూడా ఉంది. యూనిట్ కీ నొక్కేదాకా మీరు కొట్టిన అంకె తెర మీదే ఉంటుంది, అవుట్‌పుట్ మారదు. తప్పు కొడితే క్యాన్సిల్ చేసి మళ్లీ కొట్టొచ్చు. నాబ్‌కు ఆ ఓపిక లేదు, తిప్పుతున్నకొద్దీ అవుట్‌పుట్ మారిపోతూనే ఉంటుంది.

అయితే ప్రమాదం కూడా ఆ యూనిట్ కీలోనే ఉంది. 50 మిల్లీవోల్టులు ఇవ్వబోయి, తొందరలో 50 కొట్టి వోల్ట్ కీ నొక్కారనుకోండి. జెనరేటర్ ఆ విలువను కాదంటుంది కానీ, పాత విలువ దగ్గర ఆగదు. తన గరిష్ఠ హద్దుకు, అంటే లోడ్ (అవుట్‌పుట్‌కు తగిలించే సర్క్యూట్) 50 ఓమ్‌లని పెట్టుకున్న సెట్టింగ్‌లో 10 వోల్టులకు ఎక్కి కూర్చుంటుంది. సున్నితమైన సర్క్యూట్‌కు అంత సిగ్నల్ ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఆంప్లిట్యూడ్ (సిగ్నల్ ఎత్తు) ఎక్కించేటప్పుడు అవుట్‌పుట్ కీ ఆఫ్‌లో ఉంచడం మంచిది. తెర మీద అంకె చూసుకుని అప్పుడు ఆన్ చేయండి.

వెతకాల్సి వస్తే మాత్రం నాబ్‌కే నా ఓటు. అదే ప్రయోగంలో మిడ్‌బ్యాండ్ (గ్రాఫ్ మధ్యలో చదునుగా ఉండే భాగం) అవుట్‌పుట్ 2 వోల్టులుంటే, 3 డీబీ బిందువు దగ్గర, అంటే అవుట్‌పుట్ 0.707 రెట్లకు పడిపోయే చోట, 1.41 వోల్టులు రావాలి. అది ఏ ఫ్రీక్వెన్సీలో వస్తుందో ముందే తెలియదు కదా! బాణం కీతో కర్సర్‌ను పది కిలోహెర్ట్జ్‌ల అంకె మీద పెట్టి, కళ్లు సీఆర్‌వో (సిగ్నల్‌ను తెర మీద చూపించే ఆసిలోస్కోప్) మీద ఉంచి నాబ్ తిప్పండి. 1.41 దాటగానే ఒక మెట్టు వెనక్కి తిప్పి, కర్సర్‌ను కిలోహెర్ట్జ్ అంకెకు జరపండి. 9 దాటితే పక్క అంకె తనంతట తానే పెరుగుతుంది. కర్సర్ జరపడం తెలియనివాళ్లే నాబ్‌ను తిట్టుకుంటారు.

లోడ్ సెట్టింగ్ దగ్గర ఇంకో మెలిక ఉంది. 33220ఎ మామూలుగా 50 ఓమ్‌ల లోడ్ ఉందనుకుని వోల్టేజీ చూపిస్తుంది. సీఆర్‌వో ఇన్‌పుట్ సాధారణంగా 1 మెగాఓమ్, కాబట్టి తెర మీద 100 మిల్లీవోల్టులుంటే సీఆర్‌వోలో 200 కనిపిస్తాయి. నంబర్ కీలతో కొట్టినవాడు తెరను నమ్మి రెట్టింపు సిగ్నల్ ఇచ్చేస్తాడు. నాబ్ తిప్పేవాడు సీఆర్‌వో చూసి తగ్గించుకుంటాడు, సర్క్యూట్ క్షేమం. కానీ రికార్డులో మాత్రం తెర మీది తప్పు అంకె రాసేస్తాడు. యుటిలిటీ మెనూలో లోడ్‌ను హై జెడ్‌కు (ఎక్కువ ఓమ్‌ల లోడ్ అనే సెట్టింగ్‌కు) మారిస్తే ఇద్దరి గొడవా తీరిపోతుంది.

ఆంప్లిట్యూడ్‌ను నాబ్‌తో పెంచుతూ పోతే కొన్ని చోట్ల లోపలి అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే భాగం) మారుతుంది, అప్పుడు సిగ్నల్ ఒక్క క్షణం తెగుతుంది. అది ఇబ్బంది అనుకుంటే రేంజ్‌ను హోల్డ్‌లో పెట్టాలి.

ఇక బాణం కీలు. ఫంక్షన్ జెనరేటర్లలో వీటి పని ప్రధానంగా కర్సర్ జరపడమే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) జెనరేటర్లలో మాత్రం వీటి విలువే వేరు. ఈ4438సీ లాంటి వాటిలో ఇంక్రిమెంట్ సెట్ అనే కీ ఉంటుంది. ఆంప్లిట్యూడ్‌కు 1 డీబీ మెట్టు పెట్టుకుంటే, పైబాణం నొక్కిన ప్రతిసారీ సరిగ్గా 1 డీబీ పెరుగుతుంది. యాంప్లిఫయర్ ఎక్కడ సాచురేట్ అవుతుందో (ఇన్‌పుట్ పెంచినా అవుట్‌పుట్ ఇక పెరగదో) చూసేటప్పుడు ఇది ప్రాణానికి హాయి. చూపు పవర్ మీటర్ మీద నుంచి తిప్పకుండా, ఎన్నిసార్లు నొక్కామో లెక్కపెట్టుకుంటే చాలు. నాబ్ అయితే ఒకటి అనుకుంటే రెండు జరుగుతుంది.

పాత హెచ్‌పీ 33120ఎ చేతికొస్తే కొంచెం టెన్షనే. దానికి విడిగా నంబర్ కీలు లేవు. ముందు ఎంటర్ నంబర్ కీ నొక్కితే, మామూలు కీలే అంకెలవుతాయి, యూనిట్లు బాణం కీల మీద ఉంటాయి. అందులో నేనైతే దూరంగా దూకాల్సినప్పుడే ఆ తంటా పడతాను, మిగతా పనంతా నాబ్‌తోనే. పైగా దాని కనిష్ఠ అవుట్‌పుట్ 50 ఓమ్‌ల లోడ్‌కు 50 మిల్లీవోల్టులు, లోడ్ లేకపోతే 100. అంటే సీఆర్‌వో మాత్రమే తగిలించి 50 కావాలంటే ఏ కీ నొక్కినా రాదు, బయట అటెన్యుయేటర్ పెట్టుకోవాల్సిందే.

కొత్తగా కొనేవాళ్లు ప్యానెల్ ఫొటో ఒకసారి చూసుకోండి. జేడీఎస్6600 లాంటి చవక జెనరేటర్లకు నంబర్ కీలుండవు, నాబ్, బాణాలే దిక్కు. సిగ్లెంట్ ఎస్‌డీజీ1032ఎక్స్‌కు నంబర్ కీలు ఉన్నాయి. హాబీకి మొదటిది సరిపోతుంది. రోజూ రీడింగులు తీసే పనైతే నంబర్ కీలు లేనిదాని జోలికి నేను వెళ్లను. వందల రీడింగులైతే ప్యానెల్ వదిలేసి, యూఎస్‌బీ తగిలించి కంప్యూటర్ నుంచే కమాండ్లు పంపండి.