బాకూలో తొప్చుబాషోవ్ వాకింగ్ టూర్: తప్పకుండా వెళ్లండి, కానీ బుక్ చేసేటప్పుడే ఒక మాట చెప్పండి

దుబాయ్ నుంచి బాకూకి వచ్చే మనవాళ్లు దాదాపు అందరూ ఒకే ప్యాకేజీ తీసుకుంటారు. ఫ్లేమ్ టవర్స్ దగ్గర ఫొటోలు, గోబుస్తాన్‌లో మట్టి అగ్నిపర్వతాలు, సురాఖానీలో దేవనాగరి శాసనాలున్న అతేష్‌గాహ్ అగ్ని ఆలయం, మర్నాడు గబాలా. అవన్నీ బాగుంటాయి, చూడండి. కానీ ఒక సాయంత్రం ఖాళీ ఉంటే మాత్రం పాత కోట గోడల బయట ఇస్తిగ్లాలియ్యెత్ వీధిలో జరిగే ఈ చరిత్ర నడకకి వెళ్లమని గట్టిగా చెప్తాను. అలీమర్దాన్ బేయ్ తొప్చుబాషోవ్ అనే ఒక్క మనిషి జీవితాన్ని పట్టుకుని 1918 నుంచి 1920 దాకా బతికిన మొదటి అజర్‌బైజాన్ రిపబ్లిక్ కథంతా చెప్తారు. ఆయన లాయరు, పత్రికా సంపాదకుడు, విదేశాంగ మంత్రి, తర్వాత మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక జరిగిన పారిస్ శాంతి సభకి వెళ్లిన బృందానికి నాయకుడు.

ముందు వివరాలు. మొదలయ్యేది ఇచెరిషెహెర్ మెట్రో స్టేషన్ దగ్గర, రెండున్నర గంటలు పడుతుంది, అంతా ఇంగ్లీషులోనే. మనిషికి 40 మనాత్‌లు తీసుకున్నారు (డాలరుకి 1.70 మనాత్‌లు లెక్కేసుకోండి). దూరం పెద్దగా లేదు కాబట్టి పెద్దవాళ్లు కూడా నడవగలరు, కాకపోతే సాయంత్రం గాలి బలంగా కొడుతుంది, జాకెట్ ఉండాల్సిందే.

గైడ్‌కి సబ్జెక్టు మీద చాలా పట్టుంది. తొప్చుబాషోవ్ తిఫ్లిస్‌లో, అంటే ఇప్పటి త్బిలిసిలో పుట్టారు, సెయింట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో లా చదివారు, మతం మారితే అక్కడే పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తామంటే వద్దని వచ్చేశారట. బాకూ వచ్చాక చమురు కోటీశ్వరుడు జెయ్‌నలాబ్దిన్ తఘియెవ్ కొన్న 'కాస్పి' అనే రష్యన్ భాషా పత్రికకి 1898లో సంపాదకుడయ్యారు. 1906లో రష్యా మొదటి డూమాకి, అంటే పార్లమెంటుకి, ఎన్నికై, జార్ దాన్ని రద్దు చేస్తే నిరసనగా, పన్నులు కట్టొద్దని జనానికి చెప్పిన వీబోర్గ్ పిలుపు మీద సంతకం పెట్టి, మూడు నెలలు జైల్లో ఉన్నారు. ఈ భాగం కొంచెం వేగంగానే చెప్పారు గానీ అది సరిపోతుంది, ఎందుకంటే అసలు కథ ఆ తర్వాతే ఉంది.

టూర్‌లో నాకు బాగా నచ్చిన చోటు ఇప్పుడు రాతప్రతుల ఇన్‌స్టిట్యూట్ ఉన్న భవనం. అది తఘియెవ్ ముస్లిం ఆడపిల్లల కోసం కట్టించిన బడి, 1901లో తెరిచారు. 1918 డిసెంబరు 7న రిపబ్లిక్ పార్లమెంటు మొదటిసారి కూర్చున్నది ఆ బడిలోనే, ఆడవాళ్లకీ ఓటు ఉందని చెప్పిన దేశపు పార్లమెంటు అది! ఆ రోజు స్పీకర్‌గా ఎన్నుకున్నది తొప్చుబాషోవ్‌ని. ఆయనేమో అప్పటికి ఇస్తాంబుల్‌లో ఉన్నారు. సభని నడిపించింది డిప్యూటీ హసన్ బేయ్ అఘాయెవ్. తొప్చుబాషోవ్ మళ్లీ బాకూకి తిరిగి రాలేదు, ఆ కుర్చీలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. గైడ్ ఈ మాట చెప్పి గుంపుని ఆ గుమ్మం ముందే కాసేపు నిలబెట్టారు, అది చాలా మంచి పని.

ఇస్తాంబుల్‌లో ఎందుకు ఆగిపోయారంటే, వీసా. పారిస్ శాంతి సభకి వెళ్లాల్సిన బృందాన్ని ఫ్రాన్స్ వీసా ఇవ్వకుండా నెలల తరబడి అక్కడే కూర్చోబెట్టింది. ఆ దేశం ఉందని యుద్ధం గెలిచిన మిత్రదేశాలు ఇంకా ఒప్పుకోలేదు, దాన్ని ఒప్పించడానికి వెళ్లేవాళ్లకి వీసా ఎవరిస్తారు? అదే సభకి మన తరఫున తిలక్‌ని పంపాలని కాంగ్రెస్ అనుకున్నప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం పాస్‌పోర్టు ఇవ్వని సంగతి నాకు అక్కడే గుర్తొచ్చింది. వీళ్లు ఎట్టకేలకు 1919 మేలో పారిస్ చేరి, మే 28న, అంటే సరిగ్గా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఏడాదికి, అమెరికా అధ్యక్షుడు విల్సన్‌ని కలిశారు. ఆయన పెద్దగా ఏ హామీ ఇవ్వలేదు. కానీ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో ప్రసంగంలో అజర్‌బైజాన్ నుంచి వచ్చిన హుందా అయిన పెద్దమనుషుల గురించి చెప్తూ, స్వేచ్ఛ, న్యాయం విషయంలో వాళ్లు తనలాగే మాట్లాడారని గుర్తుచేసుకున్నారు. 1920 జనవరిలో మిత్రదేశాల సుప్రీం కౌన్సిల్ ఆ దేశాన్ని డి ఫాక్టోగా, అంటే చట్టప్రకారం పూర్తిగా కాకపోయినా వాస్తవంగా ఉన్న దేశంగా, గుర్తించింది. మూడు నెలలు గడిచాయో లేదో ఏప్రిల్ 28న ఎర్రసైన్యం బాకూలో ఉంది.

ఇక్కడి నుంచే నా కంప్లయింట్. 1920 ఏప్రిల్ దాకా రెండు గంటలకి పైగా చెప్పి, ఆ తర్వాత 14 ఏళ్లని 'పారిస్‌లోనే ఉండిపోయారు, 1934లో చనిపోయారు, సెయింట్ క్లూ శ్మశానంలో సమాధి ఉంది' అని మూడు ముక్కల్లో ముగించారు. దౌత్యవేత్తగా ఆయన ఎంత గట్టి మనిషో తెలిసేది ఆ 14 ఏళ్లలోనే కదా! ప్రభుత్వం లేదు, జీతం లేదు, సైన్యం లేదు, తిరిగి వెళ్తే ప్రాణం దక్కదు. మొదటి ప్రధాని ఫతాలీ ఖాన్ ఖోయ్‌స్కీని, తన బదులు సభ నడిపిన ఆ అఘాయెవ్‌నీ 1920 వేసవిలో తిఫ్లిస్‌లో కాల్చి చంపారు. అయినా అదే ఏడాది నవంబరులో, చేతిలో దేశమే లేకపోయినా, నానాజాతి సమితిలో సభ్యత్వం కావాలని దరఖాస్తు పెట్టారు. కాదన్నారు. 1921 జూన్ 10న పారిస్‌లో అజర్‌బైజాన్, ఆర్మేనియా, జార్జియా, ఉత్తర కాకసస్ ప్రతినిధులు నలుగురూ కలిసి నడుస్తామని ఒకే ప్రకటన మీద సంతకాలు చేశారు. కరాబాఖ్ ప్రాంతం ఎవరిది, జంగెజూర్ ప్రాంతం ఎవరిది అని అదే ఊళ్లో పోట్లాడుకున్న అజర్‌బైజాన్, ఆర్మేనియా పక్షాలు రెండేళ్లకి ఒకే కాగితం మీదకి వచ్చాయి. ఆ వీధిలో ఇంతకంటే చెప్పుకోదగ్గ విషయం ఇంకేముంటుంది? దీని గురించి టూర్‌లో ఒక్క మాట లేదు. రిపబ్లిక్ ప్రభుత్వ ఖర్చుతో యూరప్‌కి చదువుకి పంపిన వందమంది విద్యార్థుల ప్రస్తావన వచ్చింది గానీ, దేశం పడిపోయాక వాళ్లు ఏమయ్యారని అడిగితే టైం అయిపోయిందన్నారు.

ఇంకో అసంతృప్తి కూడా ఉంది. 1918 మార్చిలో బాకూలో ముస్లింలని ఊచకోత కోసిన సంగతి వివరంగా చెప్పారు, చెప్పాలి కూడా. కానీ అదే ఏడాది సెప్టెంబరులో నగరం చేతులు మారినప్పుడు ఆర్మేనియన్లని చంపిన సంగతి ఎత్తలేదు. గుంపులో ఒకాయన మర్యాదగానే అడిగారు, గైడ్ ఇబ్బందిపడి ముందుకి నడిచారు. ఇది నాకు బాధ అనిపించింది. తొప్చుబాషోవ్ అంతటి మనిషి కథ నిలబడటానికి సగం చరిత్ర దాచక్కర్లేదు.

ఏర్పాట్ల సంగతికొస్తే, ట్రాఫిక్ పక్కన పదిమందికి పైగా ఉన్న గుంపుకి ఇయర్‌ఫోన్లు ఇవ్వలేదు, వెనక ఉన్నవాళ్లకి సగం వినపడలేదు. చూపించిన పాత ఫొటోలు మంచివే గానీ పోస్ట్‌కార్డు సైజు. చివర్లో తివాచీల షాపుకి తీసుకెళ్లి దాదాపు అరగంట కూర్చోబెట్టారు. ఆ అరగంట పారిస్ కథకి ఇచ్చి ఉంటే నేను ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని. స్వాతంత్ర్య ప్రకటన రాతిఫలకం దగ్గర మాత్రం తొందరపెట్టలేదు, అరబిక్ లిపి, లాటిన్ లిపి రెండూ పక్కపక్కన చూపించి ఓపిగ్గా చదివి వినిపించారు. సోవియట్ కాలంలో బయట పలకలేని పేరు మళ్లీ బడి పుస్తకాల్లోకి ఎలా వచ్చిందో, 1991 అక్టోబరు 18 నాటి చట్టం కొత్త దేశాన్ని ఆ పాత రిపబ్లిక్‌కి వారసురాలిగా ఎందుకు ప్రకటించుకుందో చెప్తుంటే గైడ్ గొంతులో నిజమైన ప్రేమ వినిపించింది.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి బోర్ కొడుతుంది, వాళ్లని తీసుకెళ్లకండి. వెజిటేరియన్లు టూర్ అయ్యాక ఆకుకూర పెట్టిన గుతాబ్ రొట్టె, టీ తీసుకోవచ్చు, దగ్గర్లోనే దొరుకుతాయి. బుక్ చేసేటప్పుడు మెసేజ్‌లో రెండు విషయాలు రాయండి: తివాచీ షాపు వద్దు, 1920 తర్వాతి కథ పూర్తిగా కావాలి. మా తర్వాత వెళ్లిన స్నేహితులు అలాగే అడిగితే ఒప్పుకున్నారట, 1921 ప్రకటన కాపీ కూడా చూపించారట.