స్టువర్ట్ హైవే మీద సోలార్ కారుతో బడుల యాత్ర: ఎక్కడ ఆగాలి, ఎక్కడ పడుకోవాలి

ఆస్ట్రేలియాలో సోలార్ కారు అనగానే డార్విన్ నుంచి అడిలైడ్ దాకా సాగే పందెమే అందరికీ గుర్తొస్తుంది. 1987లో మొదటిసారి పెట్టినప్పుడు జనరల్ మోటార్స్ వాళ్ల సన్‌రేసర్ గంటకు సగటున దాదాపు 67 కిలోమీటర్ల వేగంతో గెలిచింది. మేం వెళ్లిందీ ఆ దారినే, ఎక్కువ భాగం స్టువర్ట్ హైవే మీద, సుమారు మూడు వేల కిలోమీటర్లు. కాకపోతే పందేనికి కాదు, దారి పొడవునా బడుల్లో పిల్లలకు మా యూనివర్సిటీ టీమ్ కారు చూపించడానికి. బ్యాటరీ, వైరింగ్ నా పని. బసలు మాట్లాడటం, వంట సరుకులు చూడటం కూడా నేనే తీసుకున్నాను. ఇలాంటి టీముల్లో ఉన్న తెలుగు విద్యార్థులెవరైనా ఈ దారి పట్టాలనుకుంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

బస ఎంచుకునేటప్పుడు మంచం, ఏసీ, వైఫై తర్వాత చూసుకోవచ్చు. ముందు అడగాల్సింది తూర్పు, పడమర దిక్కులు ఖాళీగా ఉన్నాయా అని. మా కారు మీది ప్యానెళ్లు మంచి ఎండలో కిలోవాట్‌కు అటూ ఇటూగా ఇస్తాయి. అంటే ఒక ఇస్త్రీపెట్టెకు సరిపోయేంత. ఆ కాస్త కరెంటుతోనే మనుషుల్ని మోస్తూ పోవాలి కాబట్టి తెల్లవారగానే, సాయంత్రం ఆగగానే ప్యానెల్‌ను సూర్యుడికి ఎదురుగా వంచి నిలబెడతాం. ఉదయం ఆ గంట చెట్టు నీడలో పోయిందంటే మధ్యాహ్నానికి చేరాల్సిన బడికి చేరలేం. ఒక రోడ్‌హౌస్‌లో (హైవే పక్కన పెట్రోలు, తిండి, బస ఒకేచోట దొరికే చోటు) అదే జరిగింది. ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు చెప్పినా పెద్ద యూకలిప్టస్ చెట్ల కింద చోటిచ్చారు, మార్చమంటే కుదరదన్నారు. మర్నాడు మేం చేరేసరికి పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. టీచరు మాత్రం మా కోసం ఉండిపోయింది. ఆవిడ ముఖం చూడలేకపోయాం.

డార్విన్ గురించి రాయడానికి ఎక్కువేం లేదు. పెద్ద బడులు, హాల్లో వందలమంది పిల్లలు, ముప్పావు గంట ప్రసంగం, ఫోటోలు. దగ్గరికి వచ్చి ముట్టుకున్నవాళ్లు తక్కువ. ఇండియన్ షాపులున్నాయి కాబట్టి బియ్యం, కందిపప్పు, చింతపండు, పచ్చళ్లు అక్కడే నింపుకోండి. ఆగస్టులో వానలుండవు గానీ ఆ ఉత్తరపు అడవుల్లో ఎండుగడ్డి తగలబెడుతుంటారు. ఆకాశం నిర్మలంగానే కనిపిస్తుంది, ప్యానెళ్ల కరెంటు చూపించే మీటరు మాత్రం పొగవల్ల కిందికి దిగుతుంది. దూరాలు లెక్కేసుకునేటప్పుడు దీన్ని మరవొద్దు.

కేథరిన్ ఊరు నాకు నచ్చింది. క్యారవాన్ పార్కులో (బండి ఇళ్లు ఆపుకునే, చిన్న గదులు అద్దెకిచ్చే చోటు) కేబిన్ ముందు విశాలమైన మట్టి నేల, పక్కనే కుళాయి. ప్యానెళ్లు తుడవడానికి నీళ్లు కావాలి కదా. ఆ తర్వాత మతరాంక దగ్గర బిట్టర్ స్ప్రింగ్స్‌లో 34 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు ఊరుతుంటాయి. ఇద్దరం కారు దగ్గర ఉండి మిగతావాళ్లను పంపించాం, తర్వాత వంతు మార్చుకున్నాం. రోజంతా కారు వెనకాలే వచ్చే చేజ్ వ్యాన్‌లో కూర్చున్న నడుముకు అంతకు మించిన మందు లేదు.

కేథరిన్ నుంచి టెనెంట్ క్రీక్ దాకా దాదాపు 670 కిలోమీటర్లు రోడ్‌హౌస్‌లే దిక్కు. డాలీ వాటర్స్ పబ్‌లో సందడి బాగుంటుంది, కానీ చలికాలంలో (అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా) క్యారవాన్లతో నిండిపోతుంది. ముందే బుక్ చేసుకోవాలి. శాకాహారులకు రోడ్‌హౌస్‌లలో చిప్స్, టోస్ట్ తప్ప పెద్దగా దొరకదు. మా రైస్ కుక్కర్ చుట్టూ రాత్రి వేళ జర్మన్ కుర్రాడు, వియత్నాం అమ్మాయి అందరూ చేరేవారు. పప్పుచారు, ఆవకాయ ఈ దారిలో మా టీమ్‌కు చేసిన మేలు చిన్నది కాదు.

రోడ్డు గురించి ఒక హెచ్చరిక. నార్తర్న్ టెరిటరీలో వేగపరిమితి 130 దాకా ఉంది. మన కారు అందులో సగం వేగంతో పోతుంది. 53 మీటర్లకు పైగా పొడవుండే రోడ్ ట్రైన్లు, అంటే వరసగా ట్రైలర్లు తగిలించిన లారీలు, ఎదురొస్తే ఆ గాలి దెబ్బకు తేలికపాటి కారు పక్కకు జరుగుతుంది. ముందూ వెనకా ఎస్కార్ట్ బండ్లు ఉండాల్సిందే. యూహెచ్ఎఫ్ రేడియోలో 40వ ఛానెల్ మీద లారీ డ్రైవర్లతో మాట్లాడుతూ ఉంటే వాళ్లే ఎక్కడ దాటాలో చెబుతారు. అంత మర్యాదస్తులు. ఊళ్ల మధ్య ఫోన్ సిగ్నల్ ఉండదు, శాటిలైట్ ఫోన్ అద్దెకు తీసుకోండి.

టెనెంట్ క్రీక్‌లో మేం ఒక పూట అనుకుని రెండు రోజులున్నాం. అక్కడి పిల్లల్లో చాలామంది వారుముంగు ఆదివాసులు. ప్రసంగం మొదలుపెడితే ఎవరూ వినలేదు. మా సీనియర్ మైకు పక్కన పెట్టి, మీటరు వాళ్ల చేతికిచ్చి, ఒక పాప టోపీని ఒకే ఒక్క సెల్ మీద పెట్టింది. అంకె ఢమాలున పడిపోయింది. సెల్స్ వరసగా కలిపి ఉంటాయి, ఒకదాన్ని మూస్తే ఆ వరస మొత్తానికి దెబ్బ. ఇక ఆగలేదు. చేతులు, పుస్తకాలు, ఆకులు అన్నీ పెట్టి చూశారు. తర్వాత నీళ్ల స్ప్రే బాటిల్ ఇచ్చాం. ప్యానెల్ చల్లబడుతుంటే అంకె పైకి పాకింది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ, వేడి ఎక్కువైతే తక్కువ అన్న సంగతి డార్విన్‌లో నా స్లైడ్ చూసిన వాళ్లకు ఎంత ఎక్కిందో తెలియదు, ఇక్కడ మాత్రం ఏడేళ్ల పిల్లాడు తన తమ్ముడికి చెబుతున్నాడు.

అక్కణ్ణుంచి దక్షిణానికి వెళ్తే ‘కార్లు కార్లు’ (Karlu Karlu) అనే చోటు వస్తుంది, ఇంగ్లీషులో డెవిల్స్ మార్బుల్స్ అంటారు. పెద్ద పెద్ద గుండ్రాళ్లున్న ఈ చోటు ఆదివాసులకు పవిత్రం, 2008లో దాన్ని సంప్రదాయ హక్కుదారులకు తిరిగి ఇచ్చారు. 1950లలో ఒక రాయిని అడక్కుండా తీసుకెళ్లి అలీస్ స్ప్రింగ్స్‌లో విమాన వైద్యసేవ మొదలుపెట్టిన జాన్ ఫ్లిన్ సమాధి మీద పెడితే 1999లో వెనక్కి తెచ్చి పెట్టారట. డ్రోన్ ఎగరేద్దామన్నారు మా వాళ్లు, నేను వద్దన్నాను. ప్రచారపు వీడియోలకు చోటు వేరే బోలెడుంది.

అలీస్ స్ప్రింగ్స్‌లో రాత్రిళ్లు చలి సున్నాకు దగ్గరికి దిగుతుంది. హీటరున్న గది తీసుకోవాలి, ఇక్కడ డబ్బు దగ్గర వెనకాడకండి. సూపర్ మార్కెట్లు, మెకానిక్ షాపులు అన్నీ దొరికే ఊరు కాబట్టి రిపేర్లకూ ఇదే అనువు. 1951లో రేడియో పాఠాలతో మొదలైన స్కూల్ ఆఫ్ ది ఎయిర్ ఇక్కడే ఉంది. దాని పిల్లలు దాదాపు 13 లక్షల చదరపు కిలోమీటర్ల మేర స్టేషన్లలో, అంటే పశువులు పెంచే పెద్ద పెద్ద క్షేత్రాల్లో, చెదిరి ఉంటారు. ఇప్పుడు పాఠాలు శాటిలైట్ ఇంటర్నెట్ మీద జరుగుతాయి. సందర్శకుల కేంద్రం తప్పక చూడండి. దారిలో ఒక స్టేషన్‌లో ఇలా ఇంటి నుంచి చదువుకునే అన్నాచెల్లెళ్లు మా కారు చుట్టూ తిరిగి అడిగిన ప్రశ్నలకు నేను ఆశ్చర్యపోయాను. బ్యాటరీ ఎన్ని కిలోవాట్ అవర్లు, ఎంత దాకా దించుతారు, ఇన్వర్టర్ ఎందుకు లేదు! వాళ్ల ఇంట్లో సోలార్, డీజిల్ జనరేటర్ కలిసి నడుస్తాయి, రాత్రి జనరేటర్ ఆపేముందు బ్యాటరీ చూసే పని ఆ పిల్లదే. కరెంటు విలువ తెలిసిన పిల్లల దగ్గర మా కారు అర్థవంతమైంది. ఎక్కువ సమయం ఇలాంటి చోట్లకే ఇవ్వాలని నాకు అక్కడే గట్టిగా అనిపించింది.

సౌత్ ఆస్ట్రేలియా సరిహద్దు దాటేముందు పళ్లు, టమాటా లాంటివి తినేయాలి, లేదా డబ్బాలో పడేయాలి. ఫ్రూట్ ఫ్లై పురుగు భయంతో పెట్టిన నిబంధన అది, జరిమానా ఉంటుంది. మేం కుల్గెరాలో ఉన్నవన్నీ కోసి పులుసు పెట్టేశాం.

కూబర్ పీడీలో భూగర్భ గదులు ప్రసిద్ధి. ఓపల్ గనుల ఊరు, బయట ఎండ మండినా చలి కొరికినా లోపల 24 డిగ్రీల ప్రాంతంలో హాయిగా ఉంటుంది. యాత్రంతటిలో గాఢంగా నిద్రపోయింది అక్కడే. అయితే కారు పైన, మనం కింద. కాపలాకు మనిషి తప్పదు. అందుకే సగంమందికే గదులు తీసుకుని, మిగతావాళ్లం పైన క్యారవాన్ పార్కులో ఉన్నాం. నేల బోసిగా ఉంటుంది కాబట్టి ఛార్జింగ్‌కు ఇంతకన్నా మంచి చోటు మాకు తగల్లేదు. ఈ ఊరికి బయటి గ్రిడ్ లేదు. గాలిమరలు, సోలార్, బ్యాటరీ, డీజిల్ కలిపిన కేంద్రం 2017 నుంచి నడుస్తోంది, ఏడాదిలో 70 శాతం దాకా కరెంటు గాలి, ఎండల నుంచే. బడిలో ఆ గాలిమరల వైపు చూపిస్తూ మాట్లాడితే చాలు, మా కారు వాళ్లకు కొత్తగా అనిపించలేదు. తమ ఊరి కథలో ఒక ముక్కగా చూశారు.

పోర్ట్ అగస్టా తర్వాత అడ్డగాలి ఎక్కువ, వేగం తగ్గించండి. అడిలైడ్‌లో బసలకు కొదవ లేదు, సంపన్న బడులు వాటంతట అవే పిలుస్తాయి. అక్కడ ఒక రోజు చాలు.

తేదీలు పెట్టుకునేటప్పుడు ఒక జాగ్రత్త: నార్తర్న్ టెరిటరీ, సౌత్ ఆస్ట్రేలియా బడుల సెలవులు వేరు. పైగా జులైలో డార్విన్, కేథరిన్, టెనెంట్ క్రీక్, అలీస్ ఒక్కోటి ఒక్కో శుక్రవారం షో డే (ఊరి సంత, ప్రదర్శనల రోజు) సెలవు తీసుకుంటాయి. చిన్న బడులకు ముందు రాసి, వాళ్లిచ్చిన తేదీల చుట్టూ పెద్ద బడులను సర్దండి.