కృష్ణలంకా, సింగ్‌నగరా? వరద సంగతి చూస్తే ఇల్లు ఎటు మేలు?

2024 సెప్టెంబరు వరదల తర్వాత విజయవాడలో ఇల్లు వెతుక్కునేవాళ్ళంతా అడుగుతున్నది ఇదే. రేట్లు, స్కూళ్ళు, బస్టాండు దూరం మీకు తెలిసినవే కాబట్టి నీళ్ళ సంగతి ఒక్కటే చూద్దాం.

చూడగానే గుబులు పుట్టించేది కృష్ణలంకే. గోడ దాటితే నది. 2019 ఆగస్టులో అక్కడ లోతట్టు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి కూడా. తర్వాత రిటైనింగ్ వాల్ పొడిగించారు. 2024లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 నాటి 11.10 లక్షలను దాటినా, గోడ వెనక ఇళ్ళు చాలావరకు గట్టెక్కాయి. మునిగింది నదికి దూరంగా ఉన్న సింగ్‌నగర్. ముంచింది బుడమేరు వాగు.

నా లెక్కలో గోడ కన్నా ముఖ్యమైనది టైము. కృష్ణకు సాగర్, పులిచింతల గేట్లు ఎత్తారంటే టీవీల్లో వస్తుంది. బ్యారేజీ దగ్గర 3.97 లక్షలకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. సామాను పైకెత్తుకోవచ్చు, బండి తీసుకుపోవచ్చు. పులిచింతల దిగువన కృష్ణలో కలిసే మున్నేరు ఉప్పొంగితే ఆ టైము తగ్గుతుందనుకోండి, అయినా ఎంతో కొంత దొరుకుతుంది.

బుడమేరు అలా కాదు. మైలవరం వైపు కుండపోత పడితే నీళ్ళు గంటల్లో వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికొస్తాయి. అక్కణ్ణుంచి డైవర్షన్ కాలువలో కృష్ణకు పోవాలి. కృష్ణే నిండుగా ఉంటే ఎటు పోతాయి? 2024లో కాలువకు గండ్లు పడ్డాయి. ఆ సెప్టెంబరు 1, ఆదివారం చాలామందికి కింద పెట్టిన బండి తీసే వీలు కూడా లేకపోయింది. పైగా పల్లపు నేల. నీళ్ళు కొల్లేరు దాకా మెల్లగా జారాలి, అందుకే కొన్ని వీధుల్లో రోజుల తరబడి కదల్లేదు.

కాబట్టి నా మొగ్గు కృష్ణలంకకే. గోడ ఉంది కదా అని పూర్తిగా ధీమా పడొద్దు, ఊటనీళ్ళు, వాన నీళ్ళు బయటికి తోడాల్సిందే. బుడమేరు కాలువ వెడల్పై, కట్టలు గట్టిపడి, ఒకట్రెండు పెద్ద వానలు తట్టుకుంటే అప్పుడు మళ్ళీ ఆలోచిస్తాను.

సింగ్‌నగర్‌లోనే రెండో అంతస్తు ఫ్లాటంటారా? ఇంట్లోకి నీళ్ళు రావు, కింద మోటారు, లిఫ్టు మాత్రం పోతాయి. కొండవైపు ఇళ్ళకు వరద లేదు గానీ, అదే వానలకు మొగల్రాజపురంలో కొండచరియలు పడి ప్రాణాలు పోయాయి.

ఎటు కొన్నా గోడలకు కొత్త రంగు నడుం ఎత్తు దాకే ఉందేమో, గేటు అడుగు తుప్పు పట్టిందేమో, కరెంటు మీటరు ఈమధ్యే పైకి మార్చారేమో చూడండి. బ్రోకర్ని వదిలేసి వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడగండి. ‘‘నీళ్ళొచ్చాయా’’ అని కాదు, ‘‘ఎన్ని రోజులున్నాయండీ’’ అని.